పంపు విప్పే పనికి ఏఆర్ కళ్ళద్దాలు: వాడినవాళ్ళు చెప్పండి

పంపుహౌస్ | సోమవారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. విశాఖ దగ్గర ఒక రసాయనాల కర్మాగారంలో మెకానికల్ మెయింటెనెన్స్ చూస్తాను. చిన్నా పెద్దా కలిపి మా దగ్గర 140 సెంట్రిఫ్యూగల్ పంపులు ఉన్నాయి. పోయిన వారం హెడ్ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్) కళ్ళద్దాలు, అంటే ఎదురుగా ఉన్న వస్తువు మీదే బొమ్మలు తేలినట్టు చూపించేవి, నాలుగు కొంటారట, మా విభాగంతోనే మొదలట, నెలాఖరుకు నేను ప్రణాళిక పంపాలట.

అమ్మేవాళ్ళు వచ్చి చూపించారు కూడా. ఏసీ గది, బల్ల మీద కొత్తగా రంగు వేసిన చిన్న పంపు. కళ్ళద్దాలు పెట్టుకుంటే పంపు మీద పచ్చటి బాణాలు తేలుతూ కనిపించాయి. ఈ బోల్టు విప్పు, ఈ కవరు తీయి, ఇక్కడ చూడు. మా జనరల్ మేనేజరు గారు స్వయంగా పెట్టుకుని రెండు బోల్టులు విప్పారు. ఆయన పానా పట్టుకోగా చూడటం నాకు అదే మొదటిసారి. గది నిండా చప్పట్లు.

నా కష్టం వేరు. ముగ్గురు సీనియర్ ఫిట్టర్లు ఏడాదిన్నరలో రిటైర్ అవుతున్నారు. తర్వాత మిగిలేది నిన్న ఐటీఐ నుంచి వచ్చిన పిల్లలు, కాంట్రాక్టు వాళ్ళు. ఒక పంపు ఉంది, తిరిగే ఇరుసు పక్క నుంచి ద్రవం కారకుండా ఆపే దాని మెకానికల్ సీల్‌ను సీనియర్ మారిస్తే ఏడెనిమిది నెలలు నిలుస్తుంది, కుర్రాళ్ళు మారిస్తే రెండు నెలలకే కారడం మొదలు. మాన్యువల్ ఒకటే, సీల్ ఒకటే, పానాలు కూడా అవే. ఈ తేడాను కళ్ళద్దాలు పూడుస్తాయా? లేక ఆ డబ్బుతో మోటారు, పంపు ఇరుసులు ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసే మంచి లేజర్ ఎలైన్‌మెంట్ పరికరం అడగమంటారా?

పాతపానా | సోమవారం, ఉదయం 8:15

34 ఏళ్ళు థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేసి దిగినవాడిని. కళ్ళద్దాలంటే నాకు తెలిసినవి చత్వారానివే. అయినా అడుగుతాను, ఏమీ అనుకోకండి.

సీల్ ఎందుకు పోతోందో కనుక్కున్నారా? బిగించే పద్ధతి తెలియక పోతోందా, పంపుకే ఏదైనా జబ్బు ఉందా? లోపలికి పీల్చే వైపు (సక్షన్) గాలి పీలుస్తోందా, తిరిగే ఇరుసు (షాఫ్టు) వంగిందా, బేరింగు వదులైందా, పైపు పంపును పక్కకు లాగుతోందా? జబ్బు పేరు తెలియకుండా మందుల కొట్టుకు వెళ్ళడం ఏమిటి బాబూ?

ఇంకొకటి. ఆ సీల్‌లో ఒకటి కదలకుండా, ఒకటి దాన్ని ఆనుకుని తిరుగుతూ ఉండే రెండు ముఖాలు అద్దంలా ఉంటాయి. వాటి మీద వేలిముద్ర పడకూడదు, ఇసుక రేణువు పడకూడదు. మా గురువు గారు సీల్ డబ్బా తెరిచే ముందు సబ్బుతో చేతులు కడిగించేవారు, కింద ఉతికిన గుడ్డ పరిపించేవారు. రబ్బరు ఓరింగు మెలి పడకుండా ఎక్కిందా లేదా అన్నది వేలికి తెలియాలి. బేరింగు మీద స్క్రూడ్రైవరు కొన ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే లోపలి సంగతి వినిపిస్తుంది. మీ పచ్చబాణం ఇందులో ఏది చెబుతుంది?

గాజుకళ్ళు | సోమవారం, మధ్యాహ్నం 1:20

హైదరాబాదులో ఇలాంటి సాఫ్ట్‌వేరే రాసి బతుకుతున్నాను. ఆ సంగతి మనసులో పెట్టుకునే నా మాటలు చదవండి.

ఏఆర్ అన్న ఒక్క పేరు కింద మూడు వేర్వేరు సరుకులు అమ్ముతారు. మొదటిది, మీ ఫిట్టరు చూస్తున్నది దూరాన ఉన్న నిపుణుడికి కనిపించడం, ఆయన గీసిన గీత ఫిట్టరు కళ్ళ ముందు కనిపించడం. రెండోది, పని అంచెలను ఒక్కొక్కటిగా కంటి మూలన చూపించడం. ఇది నిజానికి మాన్యువలే, చేతులు ఖాళీగా ఉంటాయి, అంతే. మూడోది మీ జనరల్ మేనేజరు గారు చూసినది: యంత్రం ఎక్కడ ఉందో పరికరం గుర్తుపట్టి, సరిగ్గా ఆ బోల్టు మీదే బాణం నిలబెట్టడం. చప్పట్లు దీనికే పడతాయి, డబ్బూ దీనికే ఎక్కువ అవుతుంది. షాప్ ఫ్లోరులో మొదట మూలన పడేదీ ఇదే.

ఆలోచన కొత్తదేమీ కాదు. ఆగ్మెంటెడ్ రియాలిటీ అనే పేరు బోయింగ్‌లో పనిచేసిన టామ్ కాడెల్ పెట్టినది. ఆయనా డేవిడ్ మిజెల్ కలిసి 1992లో దీని మీద పత్రం రాశారు. విమానం వైర్ల కట్టలను పెద్ద పెద్ద చెక్క బోర్డుల మీద పరిచి అల్లేవారు, ఒక్కో కట్టకు ఒక్కో బోర్డు కావాలి. ఖాళీ బోర్డు మీద వైరు దారిని కళ్ళద్దాలతోనే చూపిస్తే అన్ని బోర్డులు అక్కర్లేదు కదా అన్నది వాళ్ళ ఊహ. మరుసటి ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయంలో స్టీవెన్ ఫైనర్ బృందం లేజర్ ప్రింటరు నిర్వహణకు ఒక నమూనా చేసింది. దాని పేరు కర్మ. పేరు వాళ్ళు పెట్టిందే, నా ఎత్తిపొడుపు కాదు.

మీకు అన్నిటికంటే పనికొచ్చేది 2009 నాటి ప్రయోగం. స్టీవెన్ హెండర్సన్, ఫైనర్ కలిసి అమెరికా మెరైన్ దళం మెకానిక్‌ల చేత సాయుధ వాహనం పైన తుపాకీ ఉండే టరెట్ లోపల పనులు చేయించి చూశారు. పని చేయాల్సిన చోటును వెతికి పట్టుకోవడంలో కళ్ళద్దాల వాళ్ళు ముందున్నారు, తల తిప్పుకోవడం కూడా తగ్గింది. కానీ పని మొత్తానికి పట్టిన సమయం చూస్తే, మామూలు తెర చూసి చేసినవాళ్ళకూ వీళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఎక్కడ అన్నది ఏఆర్ చెప్పగలిగింది, ఎలా అన్నది చేతి పనే అయింది. పాతపానా గారి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇదే.

ఎవరైనా మీకు తప్పులు 82 శాతం తగ్గుతాయని లెక్క చూపిస్తే, అది 2003లో మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు పిల్లల ప్లాస్టిక్ దిమ్మలు పేర్పించి చేసిన ప్రయోగం. నిజమైన ప్రయోగమే. దిమ్మలకు తుప్పు పట్టదు, అంతే తేడా.

అన్నట్టు, మీకు చూపించిన పరికరం ఏది? మైక్రోసాఫ్ట్ వాళ్ళ హోలోలెన్స్ 2 అయితే జాగ్రత్త. 2019లో 3,500 డాలర్లకు వచ్చింది, 2024లో తయారీ ఆపేశారు, భద్రతా అప్‌డేట్లు 2027 చివరి దాకానే. గూగుల్ గ్లాస్ కథ 2023 మార్చిలోనే ముగిసింది.

పంపుహౌస్ | సోమవారం, మధ్యాహ్నం 2:05

అదే అండి. తయారీ ఆగిందన్న మాట మాకు ఎవరూ చెప్పలేదు! మా పంపుల్లో కొన్ని 1988 నాటివి, వాటికి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

రెక్కలమెకానిక్ | సోమవారం, రాత్రి 9:30

శంషాబాద్ వైపు విమానాల మరమ్మతు హ్యాంగరులో పనిచేస్తాను. మా రంగం పేరు చెప్పి మీకు ఏఆర్ అమ్ముతారు, కాబట్టి తేడా చెప్పాలి.

ఎయిర్‌బస్ వాళ్ళు ఏ380 విమానం లోపల పైపులను, వైర్లను పట్టి ఉంచే బ్రాకెట్ల తనిఖీకి మీరా అనే వ్యవస్థ వాడారు. ఒక్కో విమానంలో 60 నుంచి 80 వేల బ్రాకెట్లు. మూడు వారాల తనిఖీ మూడు రోజులకు వచ్చిందని వాళ్ళే చెప్పుకున్నారు. గమనించాల్సినది ఏమిటంటే, అందులో వాడినది కళ్ళద్దాలు కాదు, చేతిలో పట్టుకునే టాబ్లెట్. పైగా ప్రతి బ్రాకెట్‌కూ కంప్యూటరులో త్రీడీ నమూనా ముందే ఉంది. డ్రాయింగులో ఉన్నది విమానంలో ఉందా లేదా అని పోల్చడమే పని. 1988 నాటి మీ పంపుకు త్రీడీ నమూనా ఎక్కడిది? ఉన్నా, ఈ మధ్యలో ఎన్ని పైపులు కోసి అతికి ఉంటారు?

మా దగ్గర ఇంకో చిక్కు. పని చేయాల్సినది ఆమోదం పొందిన మాన్యువల్ ప్రకారం, అదీ తాజా సవరణ ప్రకారం. చివర లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకం పెడితేనే విమానం కదులుతుంది. మాన్యువల్‌లో టార్కు విలువ, అంటే బోల్టును ఎంత గట్టిగా బిగించాలన్న అంకె, మారి, కళ్ళద్దాల్లో పాతదే కనిపిస్తే ఎవరి మెడకు చుట్టుకుంటుంది? అందుకే మీరు ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి: ఆ అంచెలను ఎవరు రాస్తారు, యంత్రం మారిన రోజున ఎవరు దిద్దుతారు? ఆ మనిషి పేరు ప్రణాళికలో లేకపోతే ఏడాది తిరిగేసరికి కళ్ళద్దాలు అబద్ధాలు చెబుతాయి.

మూడోషిఫ్టు | మంగళవారం, తెల్లవారుజాము 4:40

ఇక్కడ అందరూ ఇంజనీర్లు మాట్లాడుతున్నారు. ఆ కళ్ళద్దాలు తల మీద మోసినవాడిగా నేనూ రాస్తాను. కాంట్రాక్టు ఫిట్టరును. ఏ కంపెనీ అన్నది చెప్పను.

రెండు వారాలు పెట్టుకోమన్నారు. హెల్మెట్టు, దాని మీద పట్టీ, చెవులకు మఫ్లు, మూతికి మాస్కు, పైన ఇది. మే నెల. చెమట అద్దం మీదకు కారి బాణాలన్నీ కరిగిపోయినట్టు కనిపించేవి. రెండు గంటలకు బ్యాటరీ అయిపోయేది, నిజం చెప్పాలంటే ఆ రెండు గంటల కోసమే ఎదురుచూసేవాళ్ళం. బోల్టు మీద బాణం ఒకచోట, బోల్టు ఒకచోట. సాయంత్రానికి కళ్ళు లాగి తలనొప్పి.

అదంతా ఓర్చుకోవచ్చు. మూడో వారం సూపర్‌వైజరు పిలిచి వీడియో చూపించాడు. ఫలానా రోజు 12 నిమిషాలు కూర్చున్నావు, ఎందుకు? పర్మిట్ కోసం కూర్చున్నాను. యంత్రానికి కరెంటు రాకుండా ఐసొలేషన్ తాళం వేసి ఎలక్ట్రీషియన్ సంతకం పెట్టేదాకా యంత్రం ముట్టకూడదని నేర్పించినది వాళ్ళే. వీడియోలో కాగితం కనిపించదు, కూర్చున్న మనిషే కనిపిస్తాడు. మరునాటి నుంచి కెమెరాకు నల్లటేపు పడింది. ఎవరు వేశారో ఇప్పటికీ తెలియదు.

లెక్కప్రకారం | మంగళవారం, ఉదయం 10:10

పై టపాతో ఏకీభవించలేను. కంపెనీ లక్షలు పెట్టి పరికరం కొంటే వాడకం కొలవకుండా ఎలా? కెమెరా ఉంటే ప్రమాదం జరిగినప్పుడు కార్మికుడికే సాక్ష్యం. సక్రమంగా పనిచేసేవాడికి భయం ఎందుకు?

పాతపానా | మంగళవారం, ఉదయం 10:45

లెక్కప్రకారం గారూ, మీ కుర్చీ ఎదురుగా ఒక కెమెరా పెట్టి, మీరు కాఫీకి లేచిన నిమిషాలు మీ పై అధికారికి పంపిద్దాం. సక్రమంగా పనిచేసేవారే కదా, భయం ఎందుకు?

చూడకుండా చేసిన పనికి కాదు, కంగారులో చేసిన పనికి వేళ్ళు పోతాయి. ఆ కుర్రవాడు పర్మిట్ కోసం కూర్చున్న 12 నిమిషాలకు శభాష్ అనాలి. ఈసారి కెమెరా చూస్తోందని కూర్చోకుండా యంత్రంలో చేయి పెడితే? అప్పుడు మీరన్న సాక్ష్యం ఎవరికి పనికొస్తుంది?

లెక్కప్రకారం | మంగళవారం, ఉదయం 11:20

నా మాటను మరీ అంత దూరం లాగనక్కరలేదు. అయితే పర్మిట్ విషయం నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను.

వేదిక నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 11:40

అసలు విషయానికి రండి. పంపుహౌస్ గారికి నెలాఖరు దగ్గర పడుతోంది.

గల్ఫ్‌గాలి | మంగళవారం, రాత్రి 11:05

కువైట్ రిఫైనరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ను, ఊరు కాకినాడ దగ్గర. మీది రసాయనాల కర్మాగారం అన్నారు, ఒక్కరూ ఈ మాట ఎత్తలేదేమిటి? మండే ఆవిరి ఉండే చోట మామూలు ఏఆర్ కళ్ళద్దాలతో అడుగు పెట్టనివ్వరు. బ్యాటరీ ఉన్న ఏ వస్తువుకైనా అదే నియమం. మేం వాడేది రియల్‌వేర్ వాళ్ళ హెచ్ఎంటీ-1జడ్1. నిప్పురవ్వ పుట్టించదని ధ్రువీకరణ ఉంది కాబట్టే మండే ఆవిరి ఉండే అవకాశం ఉన్న జోన్ 1లోకి తీసుకెళ్తున్నాం. మీ దగ్గర పేలుడు ప్రమాదాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెసో ఆమోదం సంగతి మీ భద్రతాధికారిని కొనకముందే అడగండి. కొన్న తర్వాత అడిగితే ఆయన చేతిలో ఏమీ ఉండదు.

ఇది ఒంటికన్ను సరుకు. హెల్మెట్టు పక్క నుంచి చిన్న కొమ్మలాంటిది వస్తుంది, దాని చివర బుల్లి తెర. కంటి కింద పెట్టుకుంటే చేయి చాపినంత దూరంలో ఏడంగుళాల టాబ్లెట్ చూస్తున్నట్టు ఉంటుంది. యంత్రం మీద బాణాలు తేలవు, మాయాజాలం లేదు. అక్కర్లేనప్పుడు కొమ్మను పైకి తోసేయవచ్చు. నోటితో ఆజ్ఞలు ఇవ్వాలి. కంప్రెసర్ హోరులో కూడా వింటుంది, కానీ మన ఇంగ్లీషు దానికి అలవాటు కావడానికి నాకు వారం పట్టింది. "జూమ్ ఇన్" అని పదిసార్లు అరిస్తే పక్కన ఉన్న ఫిలిప్పీన్స్ మిత్రుడు నవ్వి నవ్వి కూర్చుండిపోయాడు.

పనికొచ్చిందా అంటే, 2020లో వచ్చింది. విమానాలు లేవు, పైపుల్లోని పదార్థాన్ని పరీక్షించే ఎనలైజరు తయారుచేసిన కంపెనీ నిపుణుడు జర్మనీలో తన ఇంట్లో ఉన్నాడు. నా తల మీది కెమెరాతో చూసి, ఎడమ పక్క మూడో టెర్మినల్ అని చెబుతుంటే నేను వైర్లు మార్చాను. ఆయన రావాల్సి ఉంటే ఆ ఎనలైజరు నెలలు నిలిచిపోయేది.

లిఫ్టుగది | బుధవారం, ఉదయం 7:25

లిఫ్టులు చూసుకుంటాను, చాలాసార్లు ఒంటరిగా. 2016లో ఒక పెద్ద జర్మన్ లిఫ్టుల కంపెనీ తన 24,000 మంది టెక్నీషియన్లకు హోలోలెన్స్ అని ప్రకటిస్తే వీడియో చూసి మురిసిపోయాను. ఇప్పటికీ ఫోను మెడలో వేలాడేసుకుని మా సీనియర్‌కు వీడియో కాల్ చేస్తున్నాను. పని జరుగుతోంది. లిఫ్టు తిరిగే గోతిలో సిగ్నల్ అందదు, అప్పుడు ఏ కళ్ళద్దాలైనా ఒకటే.

గాజుకళ్ళు | బుధవారం, మధ్యాహ్నం 12:50

మూడోషిఫ్టు గారి తలనొప్పికి కారణం ఉంది, అది ఆయన కళ్ళ బలహీనత కాదు. హోలోలెన్స్ లాంటి వాటిలో బొమ్మ దాదాపు రెండు మీటర్ల దూరానికి ఫోకస్ అయి ఉంటుంది, దాన్ని మార్చలేం. పంపు ముందు కూర్చున్నవాడికి బోల్టు ఉండేది అర మీటరులో. రెండు కళ్ళూ అర మీటరు వైపు లోపలికి తిరుగుతాయి, కంటి లోపలి కటకం మాత్రం రెండు మీటర్లకు సర్దుకోవాలి. గంటల తరబడి ఈ పెనుగులాట జరిగితే తల నొప్పి రాక ఏమవుతుంది? తయారీదారే తన మార్గదర్శకాల్లో బొమ్మలను మీటరుంపావు అవతల పెట్టమన్నాడు. అంత పొడుగు చేతులు ఎవరికి ఉంటాయి?

ఎండ సంగతీ అంతే. ఈ అద్దాలు వెలుగును కలపగలవు, చీకటిని గీయలేవు. నలుపు రంగు వాటికి లేదు. మధ్యాహ్నం ఎండలో బాణం వెలిసిపోతుంది. ఇక బాణం బోల్టు మీద నిలబడకపోవడం: పరికరం తన చోటును చుట్టుపక్కల అంచులు, మూలలు, మరకలు చూసి లెక్క కట్టుకుంటుంది. మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు, ఆవిరి, ఒకే రకం పంపులు వరసగా పది ఉన్న చోట అది తికమకపడుతుంది. క్యూఆర్ స్టిక్కరు అంటిస్తే కొంత నయం. నా చేదు అనుభవం చెబుతాను. ఒక క్లయింటు దగ్గర బాణం ఒక సెంటీమీటరు జరిగి పక్క వాల్వు మీద నిలబడింది. మాన్యువల్‌లో అస్పష్టంగా ఉంటే మనిషి ఆగి అడుగుతాడు, బాణం ధీమాగా తప్పు చూపిస్తే అడగడు. అదృష్టం, ఆ పైపు ఖాళీగా ఉంది. ఆ రోజు నుంచి వాల్వుల మీద బాణాలు పెట్టడం మానేశాను. ట్యాగ్ నంబరు చదివి సరిచూసుకోమని రాస్తాను.

ఐటీఐ_మాస్టారు | బుధవారం, సాయంత్రం 5:15

ఫిట్టరు ట్రేడు పాఠాలు చెబుతాను. మా సంస్థకు విరాళంగా రెండు టాబ్లెట్లు, ఒక ఏఆర్ యాప్ వచ్చాయి. టాబ్లెట్ చూసి పిల్లలు గేరుబాక్సు చకచకా విప్పి బిగించారు. నేను మురిసిపోయి మరునాడు టాబ్లెట్లు బీరువాలో పెట్టి మళ్ళీ విప్పమన్నాను. ముందు రోజు వాళ్ళు చూసింది గేరుబాక్సును కాదు, బాణాన్ని. ఏ ముక్క దేని మీద ఆధారపడి నిలబడిందో ఒక్కరికీ పట్టుబడలేదు.

ఇప్పుడు మార్చాను. మొదటిసారి అన్నీ కనిపిస్తాయి. రెండోసారి బాణాలు తీసేసి ప్రశ్నలు పెడతాను: ఈ కవరు తీయాలంటే ముందు ఏది వదులు చేయాలి? మూడోసారి తెర నల్లగా ఉంటుంది, ఆగిపోతేనే తాకాలి. నెమ్మదిగా సాగుతుంది, కానీ చేతికి వస్తుంది.

భాష గురించి కూడా ఒక మాట. పాత పంపుల్లో షాఫ్టు చుట్టూ చుట్టిన తాడులాంటి ప్యాకింగ్‌ను నొక్కి పట్టే మూతే గ్లాండ్. మాన్యువల్‌లో ఇంగ్లీషులో గ్లాండ్‌ను అతిగా బిగించవద్దు అని ఉంటుంది. అతిగా అంటే ఎంత? కొత్తవాడు కారుతున్న బొట్లు చూసి, అది తప్పనుకుని, ఆగేదాకా బిగిస్తాడు. గంటకల్లా ప్యాకింగ్ మాడి, షాఫ్టు మీది తొడుగు (స్లీవ్) మీద గాడి పడుతుంది. గ్లాండ్ ప్యాకింగ్‌కు ఆ బొట్లే చలవ, బొట్లే కందెన. అందుకని నేను ఇలా రాయించాను: "నట్లు వేళ్ళతో బిగించు. పంపు నడిపించు. నీళ్ళు ధారగా వస్తాయి, కంగారుపడకు. రెండు నట్లనూ ఒక్కో పలక చొప్పున తిప్పు. పది నిమిషాలు ఆగు. బొట్లు బొట్లుగా పడేదాకా ఇలాగే. బొట్లు ఆగిపోతే ఎక్కువ బిగించావు." నట్టుకు ఆరు పలకలు, పలక అంటే ఆరో వంతు చుట్టు, ఇది పిల్లలకు కొలత నేర్పకుండానే తెలుసు. ఈ ఏడు వాక్యాలను గోడ మీద రాసినా, కళ్ళద్దాల్లో చూపించినా పనిచేస్తాయి.

పాతపానా | బుధవారం, సాయంత్రం 6:00

మాస్టారూ, ఆ పలక లెక్క మా గురువు గారిదే! మళ్ళీ విన్నందుకు కడుపు నిండింది.

పంపుహౌస్ గారికి ఒక మాట. కళ్ళద్దాలు కుర్రాళ్ళకు పెట్టకండి, ముందు రిటైర్ అయ్యే ఆ ముగ్గురికి పెట్టండి. బాణాలు చూడటానికి కాదు, వాళ్ళ చేతులు ఏం చేస్తున్నాయో తీయడానికి. మమ్మల్ని అడిగితే చెప్పలేం. ఎలా చేశావని అడిగితే మాన్యువల్‌లో ఉన్నదే అప్పజెబుతాం. మాన్యువల్‌లో లేనిది చేస్తున్నామని మాకే తెలియదు.

అయితే ఊరికే తీసుకోకండి. 30 ఏళ్ళ పనితనం వీడియోలోకి ఎక్కాక ఆ మనిషి అక్కర్లేదనుకునే బుద్ధి ఆఫీసుల్లో పుడుతుంది. వాళ్ళ పేరు ఆ పాఠం మీద ఉండాలి, రిటైర్ అయ్యాక నేర్పడానికి పిలిస్తే గౌరవంగా డబ్బు ఇవ్వాలి. ముందే మాట్లాడుకోండి.

పంపుహౌస్ | గురువారం, ఉదయం 6:30

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు కొనడం ఆపించగలిగాను. ధ్రువీకరణ ఉన్న ఒంటికన్నుది ఒకటి మూడు నెలలకు అద్దెకు, టాబ్లెట్లు రెండు. వీడియో మెయింటెనెన్స్ విభాగం దాటి వెళ్ళదని, హాజరు, జీతం లెక్కలకు వాడరని రాతపూర్వకంగా అడిగాను. సంతకం కోసం మూడు బల్లలు తిరిగింది, వచ్చింది. మొదటి పని ఆ సీల్ పోయే పంపే. మళ్ళీ వచ్చి రాస్తాను.

పంపుహౌస్ | పదకొండు వారాల తర్వాత, ఆదివారం

మాట ఇచ్చాను కాబట్టి వచ్చాను. ఆలస్యానికి మన్నించండి, షట్‌డౌన్‌లో చిక్కుకున్నాను.

సీనియర్ ఫిట్టరు మొదట ఒప్పుకోలేదు. పాతపానా గారి టపా చదివి వినిపించాను, నవ్వి, సరే పెట్టు అన్నారు. సీల్ మార్చడం మొత్తం తీశాం. తర్వాత ఇద్దరు కుర్రాళ్ళు అదే పని చేస్తుండగా తీశాం. మూడు వీడియోలూ ఒక తెర మీద పక్కపక్కన పెట్టుకుని టీ తాగుతూ చూశాం, ఆయనా కూర్చున్నారు.

సీల్ బిగించడంలో పెద్ద తేడా లేదు! కుర్రాళ్ళ చేయి శుభ్రంగానే ఉంది. తేడా అంతా చివర. పైపును పంపుకు కలిపే ఫ్లేంజీ బోల్టులు బిగించే ముందు సీనియర్, మోటారునూ పంపునూ కలిపే కప్లింగ్ దగ్గర, చిన్న కదలికనూ ముల్లుతో చూపే డయల్ గేజ్ పెట్టారు. ఒక్కో బోల్టు కొంచెం కొంచెం తిప్పుతూ ముల్లు చూస్తున్నారు. ముల్లు కదలగానే ఆగి, వెళ్ళి సక్షన్ పైపు కింద ఒక చెక్క ముక్క దోపి, సుత్తితో రెండు దెబ్బలు వేసి, మళ్ళీ వచ్చి బిగించారు. అదేమిటి అని అడిగితే, "ఏది?" అన్నారు. వీడియో ఆపి చూపిస్తే కాసేపు అలా చూసి, "ఎప్పుడూ చేసేదే కదండీ" అన్నారు.

కుర్రాళ్ళు ఫ్లేంజీ రంధ్రాల్లో సబ్బల్ దూర్చి పైపును లాక్కొచ్చి బిగించేస్తున్నారు. మాన్యువల్‌లో ఫ్లేంజీ బోల్టులు బిగించు అని ఒక్క ముక్కే ఉంది.

పాతపానా | ఆదివారం, ఉదయం 9:10

పైపు లాగుతోందన్నమాట. ముల్లు ఎంత కదిలింది?

పంపుహౌస్ | ఆదివారం, ఉదయం 9:25

కుర్రాళ్ళు బిగించిన పద్ధతిలోనే మళ్ళీ బిగించి కొలిచాం. 0.18 మిల్లీమీటర్లు. యంత్రాల బిగింపుకు ఉన్న అమెరికన్ ప్రమాణం ఏపీఐ 686 ప్రకారం 0.05 దాటకూడదు. పైపు సపోర్టు కింద వెల్డింగు ఎప్పుడో ఊడిపోయింది, పైపు బరువంతా పంపు మీదే వేలాడుతోంది. ఇక చెక్క ముక్క కథ వినండి. శుభ్రత తనిఖీ వచ్చిన ప్రతిసారీ హౌస్‌కీపింగ్ వాళ్ళు చెత్త అనుకుని దాన్ని తీసేస్తున్నారు. సీనియర్ బిగించిన సీల్ కూడా చివరికి ఎందుకు పోతోందో అప్పుడు అర్థమైంది.

సపోర్టు మళ్ళీ వెల్డింగు చేయించాం. ఈ కొలత పని మొత్తాన్ని 14 అంచెలుగా తెలుగులో రాశాం, ఆయన పేరుతో. 11వ అంచె దగ్గర డయల్ గేజ్ అంకె ఎక్కిస్తేనే 12వది తెరుచుకుంటుంది. పంపు పునాది మీద క్యూఆర్ స్టిక్కరు, టాబ్లెట్‌తో చదివితే ఆ పంపు అంచెలు వస్తాయి. బాణాలు పెట్టలేదు. ఒంటికన్ను పరికరాన్ని రోజువారీ పనికి ఎవరూ అడగడం లేదు. రాత్రి షిఫ్టులో బ్రేక్‌డౌన్ వస్తే నన్ను నిద్ర లేపడానికి మాత్రం తెగ వాడుతున్నారు.

మూడోషిఫ్టు | ఆదివారం, ఉదయం 11:50

11వ అంచె దగ్గర ఎంతసేపు పట్టిందో ఎవరైనా లెక్క చూస్తున్నారా?

పంపుహౌస్ | ఆదివారం, మధ్యాహ్నం 12:15

చూడటం లేదు. సమయం నమోదు ఆపేయమని గాజుకళ్ళు గారితోనే చెప్పి తీయించాను. ఎంత పడితే అంత.

రెక్కలమెకానిక్ | ఆదివారం, మధ్యాహ్నం 1:30

దిద్దే మనిషి ఎవరు?

పంపుహౌస్ | ఆదివారం, మధ్యాహ్నం 1:40

ఆ ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు. నెలకు రెండు రోజులు అదే పని. పాతపానా గారూ, వచ్చే నెల కూలింగ్ టవర్ గేరుబాక్సు విప్పుతున్నాం. మా సీనియర్ మిమ్మల్ని పిలవమన్నారు. రాకపోకల ఖర్చు, రోజు కూలి రాయించాను.

పాతపానా | ఆదివారం, మధ్యాహ్నం 2:30

వస్తాను. ఆ కొమ్మ కళ్ళద్దం నా చత్వారం అద్దాల మీద నిలబడుతుందో లేదో ముందు కనుక్కోండి. డయల్ గేజ్ నాదే తెచ్చుకుంటాను.